కొమ్ముల ఊసరవెల్లి పురుడు

స్టవ్ ఆపానో లేదో చూసుకోవడానికి సగం దారిలోంచి కారు వెనక్కి తిప్పే మనిషిని నేను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. ఎక్కడ ఏం చెడిపోతుందో ముందే ఊహించి బెంబేలెత్తినందుకు నాకు జీతం ఇస్తారు. ఇలాంటిదాన్ని మహా అయితే ఒక మనీప్లాంట్ పెంచుకోవాలి. నేనేమో టెక్సస్ ఎండల్లో, కాపెల్‌లోని మా ఇంట్లో, టాంజానియా చలికొండల మీద బతికే కొమ్ముల ఊసరవెల్లుల్ని పెంచాను. పెంచమని ఎవరూ నన్ను బతిమాలలేదు.

ఆరేళ్ళ కిందట ఆఫీసులో ఒకావిడ లాక్కెళ్తే డాలస్‌లో పాములూ బల్లులూ పెట్టే ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్ళాను. అక్కడ ఒక బోనులో మగ ఊసరవెల్లి కొమ్మ పట్టుకుని కూర్చుంది. జానెడు ఒళ్ళు, ముఖం మీద మూడు కొమ్ములు. రెండు కళ్ళ పైనుంచి, ఒకటి ముక్కు మీద నుంచి, మూడూ ముందుకే పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒక కన్ను నా మీద, ఇంకో కన్ను హాలు తలుపు మీద పెట్టింది. రెండు వైపులా ఒకేసారి కాపలా కాసుకునే ఆ జీవిని చూడగానే, పరాయి ఊళ్ళో మన చుట్టం కనబడ్డట్టు అనిపించింది. ఆ వారమే పుస్తకాలు తెప్పించుకుని చదవడం మొదలుపెట్టాను.

చదివిన కొద్దీ భయం పెరిగింది. వీటికి వేడి పడదు. పగలు డెబ్బై రెండు డిగ్రీలు దాటకూడదు, రాత్రి అరవైకి దిగాలి. ఇదంతా ఫారెన్‌హీట్ లెక్క. బయటేమో జులైలో నూరు దాటుతుంది. అందుకని మేడ మీద చిన్న గదికి విడిగా ఒక ఏసీ పెట్టించాకే ఒక జతని తెచ్చుకున్నాను. జాలీ బోన్ల మీద గంటగంటకీ నీళ్ళు చిమ్మే పంపు పెట్టాను. గదిలో నాలుగు మూలలా సెన్సర్లు పెట్టి, వాటిని ఫోన్‌కి కలిపాను. గది వేడెక్కితే ఫోన్ మోగుతుంది. మోగకపోతే, ఎందుకు మోగడం లేదని తీసి చూసేదాన్ని. మా ఆయన నన్ను చూసి, "అవి బానే ఉన్నాయి, నీకే బోను కట్టించాలి" అనేవాడు.

ఆ కొండల నుంచి కొత్తవి రావడం దాదాపు ఆగిపోయింది. ఈ దేశంలో ఈ రకాన్ని పెంచేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అందుకే వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఒకరి దగ్గర మగది మిగిలి, ఇంకొకరి దగ్గర ఆడది మిగిలితే, ఒకరిది ఇంకొకరికి పంపుతారు. పుట్టిన పిల్లల్లో సగం వెనక్కి వెళ్ళాలి. కాగితం ఉండదు, సంతకం ఉండదు. మాట మీద నడుస్తుంది.

మా ఆడది పోయి మగది ఒంటరిగా మిగిలిన ఏడాది, పెన్సిల్వేనియాలో ఉన్న ఒక పెద్దాయన తన ఆడదాన్ని నాకు పంపడానికి ఒప్పుకున్నారు. రిటైరైన స్కూల్ టీచర్. ఈ రకాన్ని ముప్పై ఏళ్ళుగా తరం తర్వాత తరం నిలబెట్టుకుంటూ వచ్చిన మనిషి. ఆయన దగ్గర మిగిలింది ఆ ఒక్క ఆడదే. ఒళ్ళు సహకరించడం లేదనీ, ఇక కొత్తగా మొదలుపెట్టే ఓపిక లేదనీ, ఈ కాన్పు ఒకటి కళ్ళారా చూస్తే చాలనీ రాశారు. ఒకటే షరతు పెట్టారు. ఆ గదిలోకి నేను తప్ప వేరేవాళ్ళు వెళ్ళకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు. తెలిసీ తెలియని చేతుల వల్ల పోయినన్ని ఊసరవెల్లులు రోగాల వల్ల పోలేదట. ఇంట్లో ఇంకెవరైనా ఉంటారా అని అడిగారు. మా ఆయన ఉంటాడు, చెప్పినట్టు వింటాడు అని రాశాను. మేలో అత్తయ్య వస్తున్నారని అప్పటికే టికెట్ బుక్ చేశాం. ఆ సంగతి రాయలేదు. రాస్తే ఆయన వెనకాడతారేమోనని భయం.

ఫిబ్రవరిలో ఆ ఆడది థర్మాకోల్ పెట్టెలో, గుడ్డసంచిలో ముడుచుకుని వచ్చింది. ఆకుపచ్చ ఒళ్ళు, ముక్కు మీద గోరంత కొమ్ము ఒకటి. మార్చి మొదట్లో జత కట్టాయి. ప్రతి ఆదివారం దాన్ని తూచి, బరువు పెద్దాయనకి రాసేదాన్ని. బరువు పెరిగిన ప్రతిసారీ ఆయన ఒకటే మాట రాసేవారు, నిన్న హాయిగా నిద్రపట్టిందని.

అత్తయ్యది బాపట్ల దగ్గర ఊరు. మే నెలలో వచ్చారు, ఆరు నెలలుండి వెళ్ళడానికి. ఆవిడ రాకముందే మేమిద్దరం కూడబలుక్కుని ఆ గదికి 'ఆఫీస్ రూమ్' అని పేరు పెట్టాం. నాలుగు రోజులైనా దాగలేదు. ఆదివారం పొద్దున వంటింట్లో తూకం వేస్తూ దొరికిపోయాను.

"ఏంటమ్మాయ్ అది? తొండా?"

"ఊసరవెల్లి అత్తయ్యా."

"పిండి తూచే మిషన్ మీద ఊసరవెల్లినా!"

"దీనికి వేరే మిషన్ ఉందత్తయ్యా. పిండిది లోపల పెట్టాను" అన్నాను. లోపల ఏమీ లేదు. ఆ సాయంత్రమే ఇంకోటి ఆర్డర్ పెట్టాను.

ఆవిడ దూరంగా నిలబడే దాన్ని ఎగాదిగా చూశారు. "కడుపుతో ఉందా ఏం?" అన్నారు. ఒక్క చూపులో కనిపెట్టేశారు. అవునన్నాను. ఎన్నో నెల అన్నారు. మూడో నెల నడుస్తోందనీ, ఐదున్నరో ఆరో నెలలు మోస్తుందనీ చెప్పాను. గుడ్లు పెట్టదా అన్నారు. ఈ రకం పిల్లల్నే కంటుందన్నాను. "మనలాగే" అన్నారు. ఆ మాటతో ఆవిడకి అసహ్యం సగం పోయింది.

మావైపు చుట్టాల్లో అత్తయ్య చేతి పురుళ్ళకి పేరుంది. మేనకోడళ్ళకీ, చెల్లెళ్ళ కూతుళ్ళకీ, ఎదురింటివాళ్ళకీ ఆవిడే పురుడు పోశారు. బాలింతకి చెవులకి గుడ్డ కట్టడం, చన్నీళ్ళు ముట్టనివ్వకపోవడం, మంచం కింద కుంపటి పెట్టడం, సాంబ్రాణి పొగ వెయ్యడం, అన్నీ ఆవిడ దగ్గరుండి చూసుకునేవారు. నేను దగ్గరుంటే షరతు తప్పినట్టు కాదని సర్దిచెప్పుకుని, అలాంటి మనిషిని ఆ గదిలోకి తీసుకెళ్ళి కుర్చీ వేశాను. గోడ మీద అంకె చూసి, "అరవై ఐదు డిగ్రీలా! మా ఊళ్ళో నలభై ఐదుకే జనం పిట్టల్లా రాలిపోతారు" అన్నారు. ఆవిడ కోసం దాన్ని సెంటీగ్రేడ్‌కి మార్చాను. పద్దెనిమిది చూపించింది. ఆవిడ కొంగు భుజం నిండా కప్పుకుని కూర్చున్నారు.

ఆ తర్వాత రోజూ నేను గదిలో పని చేసుకుంటుంటే స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చుకుని వచ్చి కూర్చునేవారు.

"కడుపుతో ఉన్నదాన్ని ఇంత చలిలో పెట్టి, పైనుంచి చన్నీళ్ళు చల్లుతారా? ఎక్కడి చోద్యమమ్మా!"

"వాటికి అంతే అత్తయ్యా."

"అంతేనంటే?"

"అంతే. వాటికి చలే కావాలి."

నేను ఆవిడకి చెప్పింది అంతే. ఆఫీసులో చిన్న బటన్ ఒకటి పనిచేస్తుందో లేదో చూడ్డానికి నలభై పేజీలు రాస్తాను. ఆ కొండల మీద రాత్రుళ్ళు ఎంత చలిగా ఉంటుందో, వేడెక్కితే కడుపులో పిల్లలు ఎలా చచ్చిపోతాయో అత్తయ్యకి పది నిమిషాలు కూర్చుని చెప్పలేకపోయాను. చెప్పినా ఆవిడకి అర్థం కాదని మనసులో ఒక లెక్క వేసుకున్నాను. ఆ లెక్కకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

జులై మూడో వారంలో న్యూజెర్సీలోని పిస్కాటవే ఆఫీసుకి రెండు రోజులు రమ్మన్నారు. మాది ఇంకా హెచ్‌వన్ వీసా బతుకు. కంపెనీలో లేఆఫ్‌లు జరుగుతున్నాయి. ఊసరవెల్లి కడుపుతో ఉంది, రాలేనని మేనేజర్‌కి చెప్పే ధైర్యం నాకు లేదు. కాన్పుకి ఇంకా మూడు వారాలుందని లెక్క కట్టుకున్నాను. మా ఆయనకి రెండు పేజీల కాగితం రాసిచ్చాను. అత్తయ్యతో మాత్రం, "నేను లేనప్పుడు ఆ గది తలుపు తియ్యకండి అత్తయ్యా" అన్నాను. "నాకెందుకమ్మా" అన్నారు.

మొదటిరోజు పొద్దున తొమ్మిదింటికి మీటింగ్ మొదలైంది. పది దాటాక ఫోన్ చూస్తే అత్తయ్య నుంచి రెండు వాట్సాప్ కాల్స్ వచ్చి ఉన్నాయి. డిష్‌వాషర్ బటన్ గురించి అయ్యుంటుందనుకున్నాను. అంతకు రెండు రోజుల ముందే దాని గురించి అడిగారు. మీటింగ్‌లో ఉన్నాను, తర్వాత చేస్తాను అని వాయిస్ మెసేజ్ పెట్టాను. ఇంకో అరగంటకి సెన్సర్ల యాప్‌లో నాలుగు అంకెలూ మాయమై, వాటి చోట నాలుగు గీతలు మిగిలాయి. ఆఫ్‌లైన్.

అక్కణ్ణుంచి నిప్పుల మీద కూర్చున్నట్టే ఉంది. ఎవరో స్లైడ్లు చూపిస్తున్నారు. నేను బల్ల కింద ఫోన్ పెట్టుకుని ఆ గీతలే చూస్తున్నాను. బాత్రూమ్‌కని లేచి మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన ప్లేనోలో ఆఫీసులో ఉన్నాడు, ఆరోజు వాళ్ళకేదో సాఫ్ట్‌వేర్ రిలీజ్.

"వైఫై పోయుంటుందే. పొద్దున సెవెన్ థర్టీకి చెక్ చేశాను, అన్నీ పర్ఫెక్ట్‌గా ఉన్నాయి."

"ఇంటికెళ్ళి చూడవా?"

"రిలీజ్ మధ్యలో ఎలా వెళ్ళను? అమ్మ ఇంట్లోనే ఉందిగా, అడుగు."

ఆవిణ్ణి ఏమని అడగను? తలుపు తియ్యొద్దని చెప్పింది నేనే. ఇప్పుడు తీసి చూడమంటే పెద్దాయనకి ఇచ్చిన మాట తప్పినట్టు అవుతుందని, ఆ వేళప్పుడు అంత బుద్ధిగా ఆలోచించాను. ఒంటిగంటకి ఫోన్ చేసి, "పొద్దున చేశారేంటత్తయ్యా?" అన్నాను.

"ఏం లేదులేమ్మా. నేనే చూసుకున్నాను. నువ్వు కంగారుపడకు" అన్నారు. గొంతు చాలా తృప్తిగా ఉంది. డిష్‌వాషర్ పనిచేసిందన్నమాట అనుకుని పెట్టేశాను. ఏమిటత్తయ్యా చూసుకున్నది అని ఒక్క ప్రశ్న నా నోటి నుంచి రాలేదు. ప్రశ్నలు అడగడమే నా ఉద్యోగం.

ఐదున్నరకి మా ఆయన వీడియో కాల్ చేశాడు. ముఖం పాలిపోయి ఉంది. గదిలో తొంభై మూడు డిగ్రీలుందన్నాడు. ఏసీ ఆపేసి ఉంది. సెన్సర్లూ, నీళ్ళు చిమ్మే పంపూ ఉన్న ప్లగ్గు పీకేసి, ఆ చోట అత్తయ్య పడకగదిలోని చిన్న హీటర్ పెట్టి ఉంది. మా ఇంటి ఏసీ చలికి ఆవిడ ఓర్చుకోలేకపోతుంటే మేమే కొనిపెట్టిన హీటర్. బోనులో ఆడది కింద కొమ్మకి ఒరిగిపోయి ఉంది. ఒళ్ళంతా తెల్లగా పాలిపోయింది. నోరు తెరుచుకుని ఉంది, కళ్ళు గుంటలు పడ్డాయి. హోటల్ లాబీలో నిలబడి, ఏసీ వెయ్యి, ఒక్కసారిగా చల్లబరచకు, గోరువెచ్చటి నీళ్ళు చిలకరించు అని అరుస్తూనే ఉన్నాను. పక్కనున్నవాళ్ళు లేచి దూరంగా వెళ్ళి కూర్చున్నారు.

అప్పుడు మా ఆయన కెమెరా పక్కకి తిప్పాడు. గదిలో నేల మీద అత్తయ్య బాసిపట్టు వేసుకుని కూర్చున్నారు. ముందు స్టీలు పళ్ళెం. అందులో తడిపిన పాత నూలుచీర ముక్క. దాని మీద వేలి కొసంత పిల్లలు, కొన్ని కదులుతున్నాయి, చాలావరకు కదలడం లేదు.

జరిగింది తర్వాత తెలిసింది. పొద్దున తొమ్మిదింటికి జాలీ గీరుతున్న చప్పుడు విని అత్తయ్య తలుపు తీశారు. ఎప్పుడూ కొమ్మ దిగనిది బోనులో నేల మీద అటూ ఇటూ తిరుగుతోంది. అది చూసి ఆవిడకి అర్థమైపోయింది, నొప్పులు మొదలయ్యాయని. మూడు వారాలుందన్న నా లెక్క తప్పింది. ఆవిడ చూపు తప్పలేదు. నాకు రెండుసార్లు ఫోన్ చేశారు. నేను ఎత్తలేదు. నొప్పులు పడుతున్నదాన్ని చలిగదిలో, చన్నీళ్ళ కింద వదిలేసి చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. కుంపటికి బదులు హీటర్ పెట్టారు. మధ్యాహ్నం నుంచి పిల్లలు ఒక్కొక్కటిగా పడ్డాయి. ఈ రకం పిల్లలు జిగురు పొరలో పుడతాయి, పొర చించుకుని అవే బయటికి రావాలి. ఆ వేడికి పొరలు ఎండి అంటుకుపోతుంటే, ఆవిడ తడిగుడ్డతో ఒక్కొక్కటే ఒలిచి తీశారు. మొత్తం పదిహేడు పుట్టాయి. పదకొండు చచ్చి పుట్టినట్టో, పుట్టి చచ్చినట్టో తెలియలేదు. ఆరు బతికాయి.

మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నారు, ఏదో చెప్పబోయారు. నేను ఆగలేదు.

"మిమ్మల్ని తలుపు తియ్యొద్దన్నానా లేదా? మీ ఊరి పురుళ్ళన్నీ ఇక్కడ చూపిస్తే ఎలా? మీరు ముట్టుకోకపోతే ఆ పిల్లలన్నీ బతికేవి!"

ఆవిడ చేతిలో ఉన్న కాఫీ గ్లాసు వంటింట్లోకి తీసుకెళ్ళి కడిగి బోర్లించారు. ఆ గ్లాసు నా కోసం కలిపిందని మా ఆయన సాయంత్రం చెప్పాడు.

ఆడదాన్ని జంతువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. సెలైన్ ఎక్కించింది, వేడి దెబ్బే అయ్యుండొచ్చంది, కాన్పుకి ముందే నీరసించి ఉండొచ్చనీ అంది, ఖచ్చితంగా చెప్పలేనంది. మూడో రోజు పొద్దున ఆడది చచ్చిపోయింది. నేను ఏడ్చాను. అత్తయ్య ఎదుట ఏడవడం ఇష్టంలేక కారులో కూర్చుని ఏడ్చాను.

ఇక పెద్దాయనకి రాయాలి. ఆయనకి మిగిలిన ఒకే ఒక్క ఆడది నా ఇంట్లో పోయింది. లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఆ షరతే కళ్ళముందు ఆడుతోంది. ఇంట్లో ఇంకెవరైనా ఉంటారా అని ఆయన అడిగారు, నేను మా ఆయన తప్ప ఎవరూ లేరన్నట్టు రాశాను. నిజం చెప్తే మొదటి అబద్ధం బయటపడుతుంది. ఆయనకి ముఖం ఎలా చూపించను? మిగతా పెంపకందార్లకి తెలిస్తే ఇంకెవరూ నన్ను నమ్మి ఒక్క జంతువుని కూడా పంపరు. అత్తయ్య పరువు కాపాడుతున్నాననీ అనుకున్నాను, ఆ కాసేపు నమ్మాను కూడా. నేను ఊళ్ళో లేనప్పుడు ఏసీ ఆగిపోయింది, గది వేడెక్కింది, మా ఆయన వచ్చి ఆరింటిని కాపాడగలిగాడు అని రాసి పంపించేశాను.

"నిజం చెప్పెయ్యొచ్చుగా" అన్నాడు మా ఆయన.

"మీ అమ్మ పేరు రాయమంటావా?" అన్నాను. మా ఆయన ఇక రెట్టించలేదు. నాకు కావలసిందీ అదే.

పెద్దాయన గంటలోనే జవాబు రాశారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఏసీ కొనమన్నది తనే కదా, తప్పంతా తనదేనని రాశారు. మొదట్లో నేను మెయిల్లో అడిగితే ఆ మోడల్ చెప్పింది ఆయనేనన్న సంగతే మర్చిపోయాను. వేరే రకం ఊసరవెల్లులు కొన్ని ఉన్న ఆయన గదిలోనూ అదే ఏసీ. తర్వాతి మెయిల్లో, ఏ భాగం పాడైందో కనుక్కోమన్నారు. మెకానిక్ ఇంకా రాలేదని రాశాను. ఆ తర్వాత వచ్చాడని రాశాను. కెపాసిటర్ అని రాశాను. కెపాసిటర్ అంటే ఏమిటో ఆ రాత్రికి ముందు నాకు సరిగ్గా తెలియదు. ఆయన తన ఏసీకి కూడా కెపాసిటర్ మార్పించారట. అయినా నమ్మకం కుదరక, రాత్రి రెండుసార్లు లేచి మెట్లెక్కి చూసుకుంటున్నానని రాశారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. నేను చేతిలో ఫోన్ పట్టుకుని ఆ మెయిల్ ఎన్నిసార్లు చదివానో! నిజం రాద్దామని మొదలుపెట్టడం, చెరిపెయ్యడం. ఆలస్యమైన కొద్దీ ఇంకా కష్టమైంది.

ఇటు అత్తయ్య రోజూ అడిగేవారు. "ఆయనకి చెప్పావా అమ్మాయ్? నేనే చేశానని చెప్పావా?"

"చెప్పానత్తయ్యా."

"ఏమన్నాడు?"

"పర్లేదన్నారు."

"అలా ఎలా అంటాడమ్మా? పెద్దమనిషి గనక అన్నాడు, కడుపులో ఉండదూ?" అని ఆవిడే బాధపడేవారు. ఆ ఇద్దరు ముసలివాళ్ళూ రెండు రాష్ట్రాల్లో కూర్చుని చెరొకరూ తప్పు తమదేనని కుమిలిపోతున్నారు. మధ్యలో నేను బరువులు తూచి రాస్తున్నాను.

పిల్లల్లో ఒకటి రెండో వారంలో పోయింది. ఐదు నిలబడ్డాయి. వాటికి రెక్కల్లేని చిన్న పండీగలు కావాలి, సీసాల్లో పెంచాలి. ఆ పని అత్తయ్య అడగకుండానే అందుకున్నారు. మాగిన అరటిపండు మెత్తగా చేసి సీసాల్లో వేసి, మూతికి గుడ్డ కట్టేవారు. గదిలోకి వచ్చేముందు తలుపు దగ్గర ఆగి, "రావచ్చా?" అని అడిగేవారు. సొంత కొడుకు ఇంట్లో ఆవిడ ఒక గదిలోకి రావడానికి నన్ను అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. అప్పుడు నేను ఆవిడకి కూర్చోబెట్టి చెప్పాను, ఆ కొండల సంగతి, చలి సంగతి, అంతా. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడ రెండు ప్రశ్నలడిగారు, రెండూ మంచి ప్రశ్నలే. "ఇది ముందే చెప్పుంటే గుడ్డైనా కప్పేదాన్ని కాదు కదమ్మా" అన్నారు.

సెప్టెంబర్లో ఒక శనివారం పొద్దున పెద్దాయన పిల్లల్ని వీడియోలో చూస్తానన్నారు. మెయిల్స్ తప్ప అప్పటిదాకా ముఖాలు చూసుకోలేదు. పదింటికి కాల్ కలిపాను. ఆయన చాలా సన్నగా ఉన్నారు, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. ఒక్కొక్క పిల్లనీ కెమెరా ముందుకి తెస్తుంటే ముందుకి వంగి చూశారు. రెండింటికి ముక్కు దగ్గర మొటిమల్లా పొడుచుకొస్తున్నాయి, అవి మగవే అయ్యుంటాయన్నారు. మూడు తనకి పంపమనీ, అక్టోబర్లో ఎండలు తగ్గాకే పంపమనీ చెప్తున్నారు.

తలుపు దగ్గర "రావచ్చా?" అని వినబడింది. అత్తయ్య కొత్త చీర కట్టుకుని, తల దువ్వుకుని నిలబడి ఉన్నారు. చేతిలో క్యాలెండర్ కాగితం మడత.

"మీరెందుకత్తయ్యా ఇప్పుడు..."

"ఆయన ప్రాణంలా పెంచుకున్నదమ్మా. ఒక్కసారి నా నోటితో చెప్పుకోనీ. పక్కవీధి తెలుగమ్మాయి చేత ఇంగ్లీషులో రాయించుకున్నాను."

లాప్‌టాప్ మూసెయ్యొచ్చు. నెట్ పోయిందనొచ్చు. చెయ్యి కదల్లేదు. ఆవిడ నా పక్కన కుర్చీలో కూర్చుని, తెరకి దణ్ణం పెట్టి, కాగితం చూసి తెలుగు అక్షరాల్లో రాసుకున్న ఇంగ్లీషు ఒక్కో ముక్కా చదివారు.

"సార్. దట్ డే హీటర్ ఐ పుట్. ఏసీ ఐ ఆఫ్. మై డాటర్-ఇన్-లా నాట్ దేర్. మై మిస్టేక్ సార్. వెరీ వెరీ సారీ."

పెద్దాయన కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. వీడియోలో ఎవరి కళ్ళు ఎవర్ని చూస్తున్నాయో తెలియదంటారు. ఆయన నన్నే చూస్తున్నారని నాకు తెలుసు. ఏసీ, మెకానిక్, కెపాసిటర్, ఆయన ఎక్కిన మెట్లు, అన్నీ ఆ కాసేపట్లో ఆయన ముఖంలో ఒకదాని వెనక ఒకటి కదిలిపోవడం చూశాను.

తర్వాత ఆయన అత్తయ్య వైపు తిరిగి, ఆవిడకి అర్థం కావాలని ఒక్కో మాటా విడమర్చి మాట్లాడారు. అత్తయ్యకి సగమే అందింది. "ఏమంటున్నారమ్మా?" అని నా మోచెయ్యి పట్టుకున్నారు.

ఆయన అన్న ప్రతి మాటా తెలుగులో నేనే చెప్పాలి. ఇంకెవరూ లేరు.

"మీ కోడలు ఆ రోజే నాకు అంతా చెప్పింది... నాకు తెలుసు... మీరేం మనసులో పెట్టుకోకండి, అంటున్నారు."

అత్తయ్య కళ్ళు తుడుచుకున్నారు. కాగితం మళ్ళీ మడత పెట్టారు. నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"నువ్వు దాచకుండా చెప్పావు కాబట్టే ఆయన ఇంత మంచిగా మాట్లాడారమ్మాయ్. ఇంకోళ్ళయితే కరెంటు పోయిందనో, మిషన్ చెడిందనో చెప్పి తప్పించుకునేవాళ్ళు."

తెర మీద పెద్దాయన కదలకుండా మా ఇద్దర్నీ చూస్తున్నారు. ఆవిడ ఏమన్నారు అని నన్ను అడిగారు.

ఆవిడ అన్న మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాను.